వాల్వు యాంప్ కొనేముందు ఎర్తు చూడండి

సంపాదకుడు గారికి,

పర్లాకిమిడి, గునుపురం, బరంపురం వైపు చర్చి క్వయర్లలో, పెళ్లి ఆర్కెస్ట్రాల్లో గిటారు వాయించే కుర్రాళ్లు ఈమధ్య బొటీక్ వాల్వు యాంప్‌ల మీద, అంటే ట్రాన్సిస్టర్లకు బదులు గాజు వాల్వులతో (ట్యూబులతో) నడిచే గిటారు యాంప్లిఫయర్ల మీద మనసు పడుతున్నారు. చిన్న వర్క్‌షాపుల్లో చేత్తో వైరింగు చేసిన ఈ యాంప్‌లు మోటారు సైకిలు ధర పలుకుతాయి. అందరూ అడిగేది పేరు, వాట్లు. మన ఊళ్లలో అంతకంటే ముందు చూడాల్సింది గోడకున్న మూడు పిన్నుల సాకెట్టు.

వాట్ల సంగతి త్వరగా తేల్చేద్దాం. ఇంట్లోకి 5 వాట్లు చాలంటారు. గిటారు స్పీకరు ఒక వాటుకు మీటరు దూరంలో సుమారు 97 డెసిబెల్స్ ఇస్తుంది. 5 వాట్లు పూర్తిగా తెరిస్తే 104. మామూలు మాటలు 60 దగ్గరే. 50 వాట్లకు పోయినా 114 వస్తుంది, చెవికి అది రెట్టింపు మోతే తప్ప పదింతలు కాదు. అంటే 5 వాట్ల యాంప్ పూర్తిగా తెరిస్తే ఇంట్లో భరించలేం, డ్రమ్స్ పక్కనేమో క్లీన్ టోన్ (చీలిక లేని శుభ్రమైన ధ్వని) నిలవదు. ఈఎల్84 రకం ఔట్‌పుట్ వాల్వుల జంటతో 15 వాట్లు గానీ, 6వీ6 రకం జంటతో 20-22 వాట్లు గానీ ఇచ్చేది, మంచి మాస్టర్ వాల్యూమ్ (మొత్తం మోతను తగ్గించే నాబ్) ఉన్నది తీసుకుంటే రెండు చోట్లా పనికొస్తుంది. కాకపోతే మాస్టర్ తగ్గించినప్పుడు వినిపించేది ప్రీయాంప్ (మొదటి దశ వాల్వుల) డిస్టార్షనే. ఔట్‌పుట్ వాల్వుల రుచి కూడా కావాలంటే యాంప్‌కీ స్పీకరుకూ మధ్య, ఓమ్స్ సరిపోయే అటెన్యుయేటర్ (మోత తగ్గించే పెట్టె) పెట్టుకోవాలి.

అసలు చిక్కు కరెంటుతో. అమెరికా యాంప్ 120 వోల్టులు, 60 హెర్ట్జ్ మీద నడుస్తుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజి తగ్గిస్తుంది గానీ హెర్ట్జ్ మార్చదు. 60కి మాత్రమే చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్‌కి మన 50 హెర్ట్జ్ ఇస్తే కోరులో అయస్కాంత ప్రవాహం 20 శాతం పెరిగి అది బాగా వేడెక్కి కాలిపోవచ్చు కూడా. అందుకే ఆర్డరు ఇచ్చేటప్పుడే 230 వోల్టులు, 50 హెర్ట్జ్ ట్రాన్స్‌ఫార్మర్ వేయమని రాతపూర్వకంగా అడగండి. ఫ్యూజు విలువ కూడా సుమారు సగమవుతుంది: అక్కడ 2 ఆంపియర్లయితే ఇక్కడ 1, అదీ స్లో-బ్లో రకమే.

సాయంత్రం లైను 230 నుంచి 190 వోల్టులకు పడితే, వాల్వును లోపల వేడిచేసే 6.3 వోల్టుల హీటరుకు 5.2 మాత్రమే అందుతుంది. ధ్వని నీరసపడుతుంది, వాల్వులు త్వరగా పోతాయి. ఇలాంటి యాంప్ సుమారు 100 వాట్లు లాగుతుంది కాబట్టి 500 వీఏ స్టెబిలైజరు చాలు. స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు మీద మాత్రం వద్దు, గుర్రుమనే హమ్ తగులుకుంటుంది, ట్రాన్స్‌ఫార్మర్ కూడా అనవసరంగా వేడెక్కుతుంది.

రిపేరు గురించి కూడా ఆలోచించాలి. వాల్వు సాకెట్లు సర్క్యూట్ బోర్డు మీదే అతికించి ఉంటే వేడికి సోల్డరు జాయింట్లు పగులుతాయి. సాకెట్లు ఛాసిస్‌కి (లోపలి లోహపు పెట్టెకి) బిగించి, చేత్తో వైరు చేసినదైతే పాత వాల్వు రేడియోలు బాగుచేసిన పెద్దాయన ఎవరైనా చూసుకోగలడు. డబ్బు పెట్టాల్సింది దీనికి, బయటి తోలు కవరుకి కాదు. ఔట్‌పుట్ వాల్వుల్లో ప్రవహించే కరెంటును సరిచేసే అమరికను బయాస్ అంటారు; క్యాథోడ్ బయాస్ రకమైతే వాల్వులు మార్చినప్పుడు సాధారణంగా దాన్ని సర్దాల్సిన పనుండదు. లోపల కెపాసిటర్లలో 300-400 వోల్టులు, ఒక్కోసారి అంతకు పైగా కూడా నిలవ ఉండొచ్చు, ప్లగ్గు పీకినా సరే, తెలియనివాళ్లు చెయ్యి పెట్టకూడదు. స్పీకరు తగిలించకుండా వాయిస్తే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది. స్పీకరుకు గిటారు కేబుల్ కాదు, స్పీకరు కేబులే వాడాలి.

సెకండ్ హ్యాండ్ అయితే పది నిమిషాలు వేడెక్కనిచ్చి చూడండి. వాల్వు లోపలి లోహపు ప్లేటు ఎర్రబడితే వెంటనే ఆపేయాలి. ప్రీయాంప్ వాల్వును పెన్సిలుతో మెల్లగా తడితే గణగణమంటే దాన్ని మార్చాలి.

ఇక ఎర్తు. గిటారు తీగలు యాంప్ ఛాసిస్‌తో కలిసే ఉంటాయి. ఎర్తు లేని చోట తీగ మీద చెయ్యి వేసి, వేరే లైను మీదున్న మైకుకు పెదవి తగిలిస్తే షాక్ కొడుతుంది. హమ్ పోతుందని ఎర్తు పిన్ను తీసేసేవాళ్లున్నారు, అది ప్రాణాలతో చెలగాటం. ఫేజుకూ ఎర్తుకూ మధ్య మీటరులో 230 కనిపించినంత మాత్రాన సరిపోదు. అక్కడే 100 వాట్ల ఫిలమెంట్ బల్బు పెడితే నిండుగా వెలగాలి, మసగ్గా వెలిగితే ఆ ఎర్తు ఉత్తదే. ఎర్తులోకి కరెంటు లీకైతే పడిపోయే ట్రిప్పు స్విచ్చి (ఆర్‌సీసీబీ) ఉన్నచోట బల్బు పెట్టగానే అది పడిపోతుంది, పడాలి కూడా. ఈ పరీక్ష ఎలక్ట్రీషియన్ చేతే చేయించాలి.

కల్యాణ మండపాల యజమానులకు, చర్చి కమిటీలకు, టెంట్ హౌస్ వాళ్లకు మీ పత్రిక ద్వారా మా మనవి ఇది: స్టేజి సాకెట్ల ఎర్తు పిట్టును మే నెలలో, నేల పూర్తిగా ఎండి ఉన్నప్పుడు కొలిపించండి. వానలు పడ్డాక కొలిస్తే తేమ వల్ల చెడ్డ ఎర్తు కూడా బాగున్నట్టే చూపిస్తుంది.

— ఇద్దరు గిటారు వాద్యకారులు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా