జూన్ ప్రయాణం గురించి, ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ నుంచి

నాన్నా,

నమస్కారాలు. ఇక్కడ నేను క్షేమం. ఆఫీసు ఎప్పటిలాగే ఉంది. అమ్మ అడిగినదానికి జవాబు ముందు: వేళకే తింటున్నాను, వంకాయలు కూడా దొరుకుతున్నాయి.

మీరు పంపిన, చూడాల్సిన చోట్ల లిస్టు చూశాను. అన్నీ రెండు రోజుల్లో అవ్వవు. పక్కనున్న నార్తంబర్లండ్ కౌంటీ అంతా పల్లెలే, ఒక బస్సు తప్పితే మరో దానికి చాలాసేపు కూర్చోవాలి.

రోమన్ చక్రవర్తి హేడ్రియన్ కట్టించిన గోడ 73 మైళ్లూ నిలిచి లేదు. చర్చిలకీ పొలం గట్లకీ ఆ రాళ్లే పీక్కుపోయారు. బాగా మిగిలింది నార్తంబర్లండ్‌లో కొండ అంచున ఉన్న భాగమే. మీరు రాసిన హౌస్‌స్టెడ్స్ రోమన్ కోట అక్కడే, కానీ బస్సు దిగాక అర మైలు ఎక్కుడు. అమ్మ మోకాళ్లకి అది వద్దు. చెస్టర్స్ కోట నది ఒడ్డున చాలావరకు చదును, రోమన్ల స్నానశాల గోడలు ఇంకా ఎత్తుగా ఉన్నాయి. అమ్మకి అదే సరి.

మీరు మాత్రం హౌస్‌స్టెడ్స్ ఆగ్నేయ మూల వదలొద్దు. అక్కడ సిపాయిల మరుగుదొడ్లు. కోట వాలులో ఉంది, ఆ మూల అన్నిటికన్నా పల్లం. వాన నీళ్లు తొట్లలో పట్టి అటు పారించి కడిగించేవారు. అమ్మ వాస్తు తీయకుండా చూడండి. అన్నట్టు, నల్గొండ అక్కనపల్లిలో దొరికిన నాణేల మీది రోమన్ చక్రవర్తి టైబీరియస్ చనిపోయిన 85 ఏళ్లకి, క్రీ.శ. 122లో ఈ గోడ మొదలైంది. బస్సు పేరు కూడా ఏడీ 122.

గోడ దగ్గరే ఉన్న మరో రోమన్ కోట విండోలాండాకి సగం రోజు ఉంచాను. తడి మట్టిలోకి గాలి చొరక, పలచని చెక్క రేకుల మీద సిరాతో రాసిన ఉత్తరాలు పాడవలేదు. 1973 నుంచి బయటపడుతున్నాయి. సాక్సులు, రెండు జతల చెప్పులు, రెండు లోదుస్తులు పంపానని ఒకదాంట్లో ఉంది. అమ్మా, నాకు స్వెట్టర్లు ఉన్నాయి, మళ్లీ కొనకు. ఎక్కువ రేకులు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి, ఇక్కడ కొన్నే. పాత కట్టడాలు చూసుకునే ఇంగ్లిష్ హెరిటేజ్ సంస్థ పాసు విండోలాండాలో చెల్లదు, టికెట్ విడిగా తీయాలి. చెస్టర్స్, హౌస్‌స్టెడ్స్, లిండిస్‌ఫార్న్ మఠం మూడింటికీ చెల్లుతుంది.

లిండిస్‌ఫార్న్ దీవి గురించి భయపడొద్దు నాన్నా, మీరు చదివినవి నిజమే గానీ తప్పంతా తొందరది. రోజుకి రెండుసార్లు రోడ్డు సముద్రంలో మునుగుతుంది. దాటే వేళలు కౌంటీ కౌన్సిల్ ముందే ప్రకటిస్తుంది, అవి రోజురోజుకీ మారతాయి. నీళ్లు లోతు లేవనుకుని ఆఖరి నిమిషంలో కారు దింపేవాళ్లే ఇరుక్కుంటారు. ఇంజన్‌లోకి ఉప్పునీళ్లు పోతే కారు మీద ఆశ వదులుకోవడమే. దారి పక్కన స్తంభాల మీద తెల్ల గది ఉంది, ఇరుక్కున్నవాళ్లు ఎక్కి కూర్చోవడానికే. గాలి బలంగా ఉంటే నీళ్లు చెప్పిన వేళకన్నా ముందే వస్తాయి, అందుకని గంట మిగిలుండగానే తిరిగొచ్చేస్తాం. కర్రలు పాతిన బురద దారిన నడుద్దామన్నారు, అది కుదరదు.

635లో ఐడన్ అనే క్రైస్తవ సన్యాసి పెట్టిన మఠం, 793లో వైకింగులు దోచింది, ఆ దీవి మీదే. ఇప్పుడున్న శిథిలాలు మాత్రం 12వ శతాబ్దానివి. నేల చదును, అమ్మ హాయిగా తిరగొచ్చు. దీవి మీది కోటకి రాళ్ల ఏటవాలు దారి, అది కింద నుంచి చూస్తే చాలు.

విమానం టికెట్ ఖాయం చేసేముందు తేదీలు చెప్పండి, మధ్యాహ్నం దీవి దారి తెరిచి ఉండే రోజు చూసుకోవాలి. గొడుగులు తేవద్దు, ఇక్కడి గాలికి తిరగబడతాయి. టోపీ ఉన్న రెయిన్‌కోట్లు తెచ్చుకోండి. బీపీ మాత్రలు పెట్టెలో కాదు, చేతి సంచిలో.

మీ చిన్నోడు