కృష్ణపట్నం దాకా పట్టాలున్నా మా బియ్యం లారీల మీదేనా?

సంపాదకుల వారికి,

ఎగుమతులు అనగానే అందరూ పోర్టుల గురించే మాట్లాడతారు. కేసీ కెనాల్ (కర్నూలు–కడప కాలువ) కింద వడ్లు పండించే మా ప్రొద్దుటూరు వైపు రైతులకు దెబ్బ పడేది మాత్రం దారిలోనే. కల్లంలో బస్తాలు పట్టి ట్రాక్టర్‌కు ఎత్తితే ఒక హమాలీ, మిల్లులో దించితే ఇంకోటి, బియ్యమయ్యాక లారీకి ఎత్తుడు, రేవులో మళ్లీ దించుడు. ఎత్తిన ప్రతిసారీ కొక్కీ గుచ్చుకుని గోతానికి చిల్లు పడుతుంది. లారీ కదిలాక కాటా దగ్గర నేల చూడండి, గింజలే గింజలు, పావురాలకు పండగ. ఈ తరుగు, బాడుగ, రేవు దగ్గర లారీ ఆగినందుకు వెయిటింగ్ చార్జీ అన్నీ ముందే లెక్కేసుకుని వ్యాపారి మాకు రేటు చెబుతాడు, తన జేబులోంచి ఎందుకు పెట్టుకుంటాడు?

రాష్ట్రంలో బియ్యం ఎక్కువగా ఓడ ఎక్కేది కాకినాడలో. మాకది ఐదు వందల కిలోమీటర్లకు పైమాటే, నెల్లూరు దగ్గరి కృష్ణపట్నం రేవు అందులో సగం దూరం కూడా ఉండదు. నంద్యాల–ఎర్రగుంట్ల లైన్ 2016లో వచ్చింది. బనగానపల్లె, కోయిలకుంట్ల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు అన్నీ దాని మీదివే, శనగలు పండే నల్లరేగడి కూడా ఆ పక్కనే. ఎర్రగుంట్ల నుంచి మెయిన్ లైన్‌లో వెళ్తే ఓబులవారిపల్లె వస్తుంది, అక్కడి నుంచి కృష్ణపట్నం లైన్‌ను వెలికొండల్లో ఆరు కిలోమీటర్లకు పైగా సొరంగం తవ్వి మరీ 2019లో పూర్తి చేశారు. ఇంత ఖర్చు పెట్టాక కూడా మా మిల్లర్లు లారీ ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నారంటే ఏమనుకోవాలి?

కారణం తెలియనిది కాదు. పూర్తి రేక్, అంటే ఒక గూడ్సు బండికి సరిపడా వ్యాగన్లు, రెండు వేల టన్నులు దాటుతుంది, ఒక్క మిల్లు వల్ల అయ్యేది కాదు, ఇచ్చిన గంటల్లో నింపకపోతే డెమరేజ్ అని జరిమానా. ఆ టెన్షన్ ఎవరికి కావాలి! రైల్వేలో తక్కువ వ్యాగన్లతో నడిపే మినీ రేక్ పద్ధతి ఉంది కదా, నలుగురైదుగురు మిల్లర్లు, రైతు సంఘాలు కలిసి స్టేషన్ పక్కనే గోడౌన్‌లో సరుకు ముందుగా చేర్చుకుంటే, బండి వచ్చాక బెల్టు కన్వేయర్ మీద గబగబా ఎక్కించేయొచ్చు. (హమాలీల పొట్ట కొట్టమని కాదు, ఆ బెల్టు దగ్గరా మనుషులు కావాలి.) 2020 జనవరిలో తాడిపత్రి నుంచి అరటికాయలను రైల్లో ముంబై జేఎన్‌పీటీ పోర్టుకు పంపారు, మరి బియ్యానికేం తక్కువ?

పైగా ఎగుమతి విధానం ఎప్పుడెలా మారుతుందో తెలీదు. 2023 జులైలో బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి ఆపేశారు, 2024 సెప్టెంబర్‌లో వదిలారు. వదిలిన రోజున ఎవరి సరుకు ముందు రేవుకు చేరితే మంచి రేటు వాళ్లదే.

రైల్వే, మార్కెటింగ్ శాఖ, పోర్టు అధికారులు ఒకసారి ప్రొద్దుటూరులో మిల్లర్లతో, రైతులతో కూర్చోవాలి. కొత్త వడ్లు వచ్చే ఆ రెండు మూడు నెలలైనా ఎర్రగుంట్ల నుంచి కృష్ణపట్నానికి వారానికో మినీ రేక్ నడిపి చూడమనండి, ఖర్చు ఎంత తగ్గిందో అప్పుడు లెక్క తేల్చుకోవచ్చు.

– ఒక రైతు, ప్రొద్దుటూరు, కడప జిల్లా