కంప్యూటర్ కొనే ముందు గోడలో ఎర్తు ఉందో లేదో చూపించుకోండి

సంపాదకులకు,

నమస్కారం. ఇంటికి కంప్యూటర్ కొనేవాళ్ల కోసం గత ఆదివారం మీరు వేసిన పేజీ చదివాను. 40 వేలలో ఏది కొనాలి, 60 వేలలో ఏది కొనాలి, ర్యామ్ ఎంత ఉండాలి, హార్డ్ డిస్క్ బదులు ఎస్‌ఎస్‌డీ ఎందుకు మేలు అన్నవి చక్కగా చెప్పారు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఉచిత సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో పాత మెషీన్ తీసుకునేవాళ్లు విండోస్ 11 ఎక్కుతుందో లేదో అడిగి కొనాలన్న మాట కూడా సరైనదే. కానీ అదే పేజీలో యాక్సెసరీల జాబితాలో కూలింగ్ ప్యాడ్ ఉంది, హెడ్‌ఫోన్ ఉంది, లైట్లు వెలిగే కీబోర్డు ఉంది. ఎర్తింగ్ గురించి, అంటే దారితప్పిన కరెంటును తీగతో నేలలోకి పంపే ఏర్పాటు గురించి, ఒక్క ముక్క లేదు. అందుకే ఈ ఉత్తరం.

అనంతపురం జిల్లా కళ్యాణదుర్గంలో కంప్యూటర్లు బాగుచేసే చిన్న షాపు నాది. అంతకుముందు ఇళ్లకు వైరింగ్ పని చేసేవాణ్ణి. ఎవరింట్లో కంప్యూటర్ బిగించడానికి పోయినా నేను మొదట చూసేది గోడమీది త్రీపిన్ సాకెట్‌నే. మూడు రంధ్రాలు ఉంటాయి. పైన ఉన్న పెద్ద రంధ్రం వెనకాల తీగ ఉందా, ఉన్నా అది ఎక్కడికి పోతోంది అన్నది ఇంటివాళ్లలో చాలామందికి తెలియదు. ఇల్లు కట్టించినప్పుడు ఎలక్ట్రీషియన్ ఏం చేశాడో అదే.

షాపుకొచ్చే వాళ్లు తరచూ చెప్పే మాట ఒకటుంది. "అన్నా, సీపీయూ తాకితే జుమ్మంటాది." కొత్తది కొన్న వారంలోనే వస్తారు కొందరు. మెషీన్ పాడైందని అనుకుంటారు. చాలాసార్లు మెషీన్‌లో ఏ లోపమూ ఉండదు. ఎస్‌ఎంపీఎస్ (సీపీయూకు కరెంటు అందించే పెట్టె) లోపల కరెంటులోని గోలను వడగట్టే చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఫేజ్ (కరెంటు వచ్చే తీగ) నుంచి ఒకటి, న్యూట్రల్ (కరెంటు తిరిగి పోయే తీగ) నుంచి ఒకటి సీపీయూ డబ్బా ఇనుముకు కలిపి ఉంటాయి. వాటి గుండా కారే కొద్దిపాటి కరెంటు ఎర్తులోకి పోవాలి. ఎర్తు లేకపోతే పోయే దారి లేక డబ్బా మీదే నిలుస్తుంది. అప్పుడు 230 వోల్టుల్లో సగం, అంటే సుమారు 115 వోల్టులు డబ్బా మీద కనిపిస్తాయి. టెస్టర్ పెడితే వెలుగుతుంది. రేకు బాడీ ఉన్న ల్యాప్‌టాప్‌ను చార్జింగ్ పెట్టి అరచెయ్యి ఆనిస్తే తెలిసే జివ్వుమనడం కూడా ఇదే బాపతు.

ఆ కరెంటు చాలా తక్కువ, దానితో ప్రాణం పోదు. అందుకే అమ్మినవాళ్లు "చెప్పులేసుకొని కూర్చోండి, ఏం కాదు" అని పంపిస్తున్నారు. ఆ సలహా వింటే నాకు కోపం వస్తుంది. రేపు ఎస్‌ఎంపీఎస్ లోపల ఇన్సులేషన్ దెబ్బతిని ఫేజ్ తీగే డబ్బాకు తగిలితే, ఎర్తు ఉన్న ఇంట్లో ఫ్యూజ్ పోతుంది లేదా ఎంసీబీ (ఎక్కువ కరెంటు పారితే తనంతట తానే ఆగిపోయే స్విచ్) పడిపోతుంది. ఎర్తు లేని ఇంట్లో 230 వోల్టులూ డబ్బా మీదే ఉంటాయి, ఎవరో ఒకరు ముట్టుకునే దాకా. కంప్యూటర్ దగ్గర కూర్చునేది ఎక్కువగా పిల్లలు. మనిషి సంగతి అటుంచినా, సీపీయూ మీద నిలిచిన ఆ వోల్టేజీ వల్లే టీవీకి హెచ్‌డీఎంఐ కేబుల్ గుచ్చేటప్పుడు చిటుక్కుమని పోర్టు కాలిపోతుంది. పోర్టు పోయి నా దగ్గరికొచ్చే బోర్డుల్లో చాలావాటి వెనక కథ ఇదే. రెండూ స్విచ్ ఆపి, ప్లగ్గు తీసి, ఆ తర్వాత కేబుల్ కలపమని అందరికీ చెబుతుంటాను.

సాకెట్‌లో ఎర్తు ఉన్నా మధ్యలో పోగొట్టుకునేవాళ్లు ఎక్కువ. సంతలో దొరికే చవక ఎక్స్‌టెన్షన్ బాక్సు విప్పి చూడండి. పైన మూడు రంధ్రాలు ఉంటాయి, లోపల తీగలు రెండే. మూడో రంధ్రం ఉత్తదే. త్రీపిన్‌ను టూపిన్ చేసే కన్వర్టర్ కూడా అంతే. మన త్రీపిన్ ప్లగ్గులో ఎర్తు పిన్ను మిగతా రెండింటికన్నా పొడవుగా, లావుగా చేసింది ఊరికే కాదు. గుచ్చేటప్పుడు అది ముందు తగలాలి, పీకేటప్పుడు చివర వదలాలి. దాన్ని విరగ్గొట్టి టూపిన్‌లో దూర్చిన ప్లగ్గులు కూడా చూశాను. బాక్సు కొనేటప్పుడు వైరు కోసిన చోట మూడు రంగుల తీగలు చూపించమని అడగండి, ఆకుపచ్చది ఎర్తు.

ఇక మా నేల సంగతి. మాది రాతి నేల, వానలు తక్కువ. నేల ఎండితే ఎర్తు పనిచేయదు. పైపు పాతి బొగ్గూ ఉప్పూ పోసిన ఎర్తు గుంత కూడా చైత్రం వచ్చేసరికి గట్టిపడి పోతుంది. పాతకాలం వాళ్లు గుంత మీద గరాటు పెట్టించి ఎండాకాలం నీళ్లు పోసేవాళ్లు. ఇప్పుడు కొత్త ఇళ్లలో ఆ గుంత మీదే టైల్స్ పరిచేస్తున్నారు. బయటికి కనిపించకపోతే ఎవరికి గుర్తుంటుంది? దయచేసి మూత పెట్టించండి, టైల్స్ వేయించకండి. నీళ్లు పట్టని చోట బెంటొనైట్ అనే బంకమట్టి పొడి నింపే ఎర్తింగ్ కూడా ఉంది. అది తేమను పట్టి ఉంచుతుంది, ఖర్చు కొంచెం ఎక్కువ.

అన్నిటికన్నా ప్రమాదమైన పని ఇంకొకటి జరుగుతోంది. ఎర్తు లేదని ఇంటివాళ్లు గోల చేస్తే, కొందరు సాకెట్ వెనకాల న్యూట్రల్ నుంచి చిన్న ముక్క తీగ తీసి ఎర్తు పిన్నుకు కలిపేస్తున్నారు. జుమ్మనడం ఆ క్షణమే ఆగిపోతుంది, టెస్టర్ వెలగదు, ఇంటివాళ్లు డబ్బులిచ్చి పంపుతారు. మా పక్క ఊళ్లో ఒక ఇంట్లో అమ్మాయి పరీక్షలకు చదువుకోవడానికని కంప్యూటర్ పెట్టించారు. సాకెట్‌లో ఇదే పని చేసిపోయాడు ఎవరో. గాలివానకు స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరులో న్యూట్రల్ తెగింది. న్యూట్రల్ తెగినప్పుడు, ఇంట్లో ఒక్క ఫ్యాన్ స్విచ్ వేసి ఉన్నా చాలు, ఆ ఫ్యాన్ గుండా ఫేజ్ వచ్చి న్యూట్రల్ తీగ మీద నిలుస్తుంది. అక్కడి నుంచి ఆ ముక్క తీగ దాన్ని తిన్నగా సీపీయూ డబ్బా మీదికి తెచ్చింది. కరెంటు పోయిందనుకుని ఆ ఇల్లాలు తడిగుడ్డతో బల్ల తుడుస్తూ డబ్బా తాకింది. విసిరికొట్టింది ఆమెను. కూతురు మెయిన్ ఆపింది కాబట్టి బతికింది, చెయ్యి మాత్రం చాలాకాలం స్వాధీనంలో లేదు. ఆ సాకెట్ విప్పింది నేనే. ఆ ముక్క తీగ గురించి నేను కలిసిన ప్రతి ఎలక్ట్రీషియన్‌కూ చెబుతున్నాను.

ఎర్తు ఉందో లేదో తెలుసుకోవడం ఎలక్ట్రీషియన్‌కు పావుగంట పని. సొంతంగా చేయకండి, పక్కన నిలబడి చూడండి. వోల్టులు కొలిచే మీటరు పెట్టి ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య, ఫేజ్‌కీ ఎర్తుకీ మధ్య, న్యూట్రల్‌కీ ఎర్తుకీ మధ్య మూడుసార్లు చూస్తాడు. మొదటి రెండూ దాదాపు ఒకటే రావాలి. మూడోది రెండు మూడు వోల్టులు మించకూడదు. పూర్తిగా సున్నా వస్తే సాకెట్ విప్పించి ఆ ముక్క తీగ లేదని కళ్లారా చూడండి. మీటరుతో ఆపకూడదు. బలహీనమైన ఎర్తు కూడా మీటరుకు బాగానే కనిపిస్తుంది. ఫేజ్‌కీ ఎర్తుకీ మధ్య 100 వాట్ల పాతరకం ఫిలమెంట్ బల్బు పెట్టమనండి. నిండుగా వెలిగితే ఎర్తు పనిచేస్తున్నట్టు, గుడ్డిగా వెలిగితే గుంత చూడాల్సిందే. ఆర్‌సీసీబీ (కరెంటు నేలలోకి కారితే లైను తెంచే స్విచ్) ఉన్న ఇంట్లో బల్బు పెట్టగానే అది పడిపోతుంది, భయపడక్కర్లేదు.

యూపీఎస్ (కరెంటు పోతే కంప్యూటర్‌ను కాసేపు నడిపే బ్యాటరీ పెట్టె) గురించి మీరు ఒక వాక్యం రాశారు. మామూలు డెస్క్‌టాప్‌కు 600 వీఏ సామర్థ్యం ఉన్నది సరిపోతుంది, పని సేవ్ చేసి ఆపేంత సమయం ఇస్తుంది. లేజర్ ప్రింటర్‌ను మాత్రం దానికి తగిలించొద్దు, కాగితాన్ని వేడిచేసే భాగం ఒక్కసారిగా లాగే కరెంటుకు యూపీఎస్ తట్టుకోలేదు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది, మళ్లీ యూపీఎస్ ఎందుకని చాలామంది అడుగుతారు. చాలా ఇన్వర్టర్లకు యూపీఎస్, నార్మల్ అని ఒక స్విచ్ ఉంటుంది. నార్మల్‌లో ఉంటే కరెంటు పోగానే ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, కంప్యూటర్ మాత్రం ఆరిపోయి మళ్లీ మొదలవుతుంది. యూపీఎస్ వైపు తిప్పితే ఆ ఇబ్బంది పోతుంది. అయితే ఆ వైపు ఇన్వర్టర్ సుమారు 180 వోల్టులకు దిగువన లైను కరెంటును తీసుకోదు. సాయంత్రం వోల్టేజీ పడిపోయే మా పల్లెల్లో కరెంటు ఉండగానే బ్యాటరీ అయిపోతుంది. అలాంటి చోట ఇన్వర్టర్‌ను నార్మల్‌లోనే ఉంచి, కంప్యూటర్‌కు వేరే చిన్న యూపీఎస్ పెట్టుకోవడం మేలు.

మరో మాట. ఉరుములు మొదలవగానే అందరూ ప్లగ్గు పీకుతారు, ఇంటర్నెట్ వైరు వదిలేస్తారు. మిద్దెల మీదుగా లాగిన రాగి లాన్ కేబుల్ ద్వారా కూడా పిడుగు ప్రభావం లోపలికి వస్తుంది. దాన్ని కూడా పీకండి. ఫైబర్ అయితే ఆ గాజు పోగులో కరెంటు రాదు, దాని పెట్టె అడాప్టర్ ప్లగ్గు తీస్తే చాలు. అలాగే సీపీయూ వెనకాల ఖాళీ గాట్లకు రేకు పట్టీలు వేయించండి, బల్లులు దూరి ఎస్‌ఎంపీఎస్ కాల్చేస్తున్నాయి.

అద్దె ఇళ్లవాళ్లు గుంత తవ్వించలేరు, నిజమే. ఇంటాయన ఒప్పుకోకపోతే కనీసం 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించుకోండి. ఎర్తు లేకపోయినా, మనిషి గుండా కరెంటు నేలలోకి పోగానే అది లైను తెంచేస్తుంది. ఇల్లు మారేటప్పుడు విప్పి తీసుకెళ్లొచ్చు. కంప్యూటర్ ధరతో పోలిస్తే దాని ఖర్చు ఏపాటి? ప్రాసెసర్ ఒక మెట్టు తగ్గించుకుంటే ఆ డబ్బులోనే ఇదీ యూపీఎస్సూ రెండూ వస్తాయి. తగ్గించుకోమనే నేను చెబుతాను.

జూన్‌లో బడులు తెరిచే ముందు మీరు మళ్లీ ఇలాంటి పేజీ వేస్తారు. అప్పుడు ధరల పట్టిక పక్కన ఒక చిన్న పెట్టె కట్టి, ఎలక్ట్రీషియన్ చూడాల్సిన ఆ మూడు కొలతలు, బల్బు పరీక్ష, న్యూట్రల్ ముక్క తీగ గురించిన హెచ్చరిక వేయండి. కావాలంటే సాకెట్ విప్పి తీసిన ఫొటోలతో సహా నేనే రాసి పంపిస్తాను, పారితోషికం అక్కర్లేదు.

ఇట్లు,
ఒక కంప్యూటర్ మెకానిక్,
కళ్యాణదుర్గం, అనంతపురం జిల్లా