రాజమండ్రి కస్టమర్లకు: ఈసారి ఏసీ సర్వీసు ఫిబ్రవరి నుంచే

ఏటా ఏప్రిల్ దాకా మా షాపు ఫోను మోగదు, మోగడం మొదలైతే రోహిణి కార్తె దాటేదాకా ఆగదు. అందుకే ఈసారి ఫిబ్రవరి 1 నుంచే బుకింగులు తీసుకుంటున్నాం. మార్చి నెలాఖరులోపు చేయించుకుంటే పాత ఛార్జే. మే నెలలో మాత్రం స్ప్లిట్ ఏసీకి 200 రూపాయలు ఎక్కువ తీసుకుంటాం. మే మధ్యాహ్నం డాబా మీద కుర్రాళ్ళు ఎక్కువసేపు నిలబడలేరు, రోజుకి అయ్యే ఏసీలు సగానికి పడిపోతాయి. ఆ తేడా డబ్బులు అవే.

ముందుగా చేయించమనడానికి అసలు కారణం మన చలికాలం గాలి. సార్వా కోతలు నవంబరు, డిసెంబరుల్లో అవుతాయి. మిషన్‌తో కోసిన చేలల్లో దుబ్బులు మిగిలిపోతాయి, దాళ్వాకి చేను త్వరగా ఖాళీ చెయ్యాలని కొందరు అంటించేస్తారు. ఆ రోజుల్లో రాత్రి నేల చల్లబడి, పైనున్న వెచ్చటి గాలి కుండ మీద మూకుడులా కూర్చుంటుంది. పొగ, లారీల దుమ్ము, మిల్లుల ఊక బూడిద అన్నీ కిందనే తిరుగుతాయి. ధనుర్మాసంలో పొద్దున్నే కనిపించేదంతా మంచు కాదండి. దేశంలో గాలి బాగుచెయ్యడానికి కేంద్రం 2019లో మొదలెట్టిన జాతీయ కార్యక్రమం కిందకి వచ్చిన ఆంధ్ర నగరాల్లో రాజమండ్రి కూడా ఉంది.

ఆ దుమ్ము ఔట్‌డోర్ యూనిట్ వెనక కాయిల్ మీద పడుతుంది. తెల్లవారుజామున మంచుకి తడుస్తుంది, మధ్యాహ్నం ఎండకి ఆరుతుంది. సంక్రాంతి వెళ్ళేసరికి ఫిన్స్ (కాయిల్ మీది సన్నటి రేకులు) మధ్య మట్టి పేరుకుంటుంది. మీరు ఏసీ వాడకపోయినా ఇది జరుగుతుంది. మార్చిలో బానే చల్లబడుతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. వడగాలులు మొదలై బయట 42, 43 డిగ్రీలు దాటాక కాయిల్ వేడిని బయటికి వదల్లేదు, లోపల ప్రెషర్ పెరుగుతుంది, మధ్యాహ్నం రెండూ నాలుగూ మధ్య ఓవర్‌లోడ్ (వేడెక్కితే ఆపేసే రక్షణ స్విచ్) కొట్టి కంప్రెసర్ ఆగిపోతుంది. ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, గాలి మాత్రం చల్లగా రాదు. చాలామందికి అప్పుడు వినిపించే మాట ‘గ్యాస్ అయిపోయింది’.

గ్యాస్ పెట్రోలు కాదు, వాడితే తరగదు. తగ్గిందంటే ఎక్కడో లీకుంది. అందుకని ఈ ఏడాది నుంచి లీక్ చూడకుండా మా షాపులో గ్యాస్ ఎక్కించరు, ఎంత తొందర పెట్టినా. నైట్రోజన్ ప్రెషర్ పెట్టి సబ్బునీళ్ళతో జాయింట్లు చూస్తాం, లీక్ మూశాక వ్యాక్యూమ్ తీస్తాం (పైపుల్లో మిగిలిన గాలి, తేమ పంపుతో లాగేస్తాం), యూనిట్ ప్లేటు మీద రాసిన గ్రాముల ప్రకారం తూకం వేసి నింపుతాం. ఇది ఒక పూట పని, పది నిమిషాల్లో కాదు.

మాకు ఫోన్ చేసే ముందు ఇది చూసుకోండి. ఫిల్టర్ కడిగి, 24లో పెట్టి, తలుపులు మూసి పావుగంట నడపండి. గాలి లోపలికి పీల్చేచోట, బయటికి వదిలేచోట థర్మామీటర్ పెట్టండి. 8 నుంచి 12 డిగ్రీల తేడా ఉంటే గ్యాస్ బాగున్నట్టే. జులై, ఆగస్టుల్లో తేడా ఇంకాస్త తగ్గినా కంగారొద్దు, గాలిలో తేమని నీళ్ళుగా మార్చడానికే ఏసీ బలం చాలా పోతుంది.

ఫిల్టర్ కడగడం జనవరి నుంచి మే దాకా పదిహేను రోజులకోసారి. దుమ్ము పట్టిన వైపు కాకుండా వెనకవైపు నుంచి కుళాయి నీళ్ళు పట్టండి, జిడ్డుంటే ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్. నీడన ఆరబెట్టండి, ఎండలో ఫ్రేమ్ వంకరపోతుంది.

ఆ ఫిల్టర్ మీద అంటించే ‘పొల్యూషన్ షీట్’లు ఇకనుంచి మా దగ్గర దొరకవు. ఏసీ నైలాన్ జల్లెడ వెంట్రుకల్ని, పెద్ద దుమ్ముని ఆపుతుంది, అంతే. పొగలో ఉండే పీఎం 2.5, అంటే కంటికి కనిపించని అతి సన్నటి ధూళి, దానిలోంచి వెళ్ళిపోతుంది. ఇంకో పొర అంటిస్తే గాలి తగ్గి లోపలి కాయిల్ ఐసు కడుతుంది, ఆ ఐసు కరిగి గోడమీద కారుతుంది.

ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్ళుంటే హెపా ఫిల్టరున్న (ఆ సన్నటి ధూళిని పట్టేది) ప్యూరిఫయర్ వేరే కొనుక్కోవాలి. లెక్క సులువే: పొడవు, వెడల్పు, ఎత్తు అడుగుల్లో గుణించి, గంటకి ఐదుసార్లు గాలి మారేలా చూడాలి. 12, 10, 10 అడుగుల గదికి 1200 ఘనపుటడుగులు, ఐదింతలు 6000; మీటర్లలో చూస్తే గంటకి సుమారు 170 ఘనపు మీటర్ల సీఏడీఆర్ (మిషన్ గంటకి శుభ్రం చేసిచ్చే గాలి) సరిపోతుంది. కాకపోతే పెట్టె మీద అంకె హై స్పీడుది. ఆ చప్పుడులో ఎవరూ పడుకోలేరు, కాబట్టి 300 దాకా ఉన్నది తీసుకుని తక్కువ స్పీడులో నడపండి. హెపాని నీళ్ళతో కడిగితే పాడైనట్టే. పెంకుటిళ్ళకీ, కిటికీలు మూతపడని ఇళ్ళకీ కొనొద్దు, డబ్బులు దండగ. వానాకాలంలో గాలి కడిగినట్టుంటుంది, మిషన్ తియ్యక్కర్లేదు. పొడిగా ఉన్న రోజు చూసి గంటసేపు నడిపి, కవర్ కట్టి దాచండి. తడితో దాస్తే ఫిల్టర్ బూజు వాసన వస్తుంది.

మంచు పట్టిన పొద్దున ప్యూరిఫయర్ మీద ఎర్రలైటు చూసి చాలామంది ఫోన్ చేస్తున్నారు. ఈ చిన్న సెన్సర్లు నీటి తుంపర్లని కూడా దుమ్ము కింద లెక్కేస్తాయి. ఎండెక్కాక మళ్ళీ చూడండి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వారి సమీర్ యాప్‌లో గాలి నాణ్యత సూచీ నమ్మదగిందే, అయితే పీఎం లెక్క 24 గంటల సగటు మీద వస్తుంది. మీ వీధిలో ఇప్పుడే అంటించిన చెత్త పొగ అందులో వెంటనే కనిపించదు.

కోనసీమ వాళ్ళకి బాధ వేరు: అక్కడ దుమ్ము కన్నా ఉప్పుగాలి ఎక్కువ. నెలకోసారి ఔట్‌డోర్ కాయిల్ మీద మామూలు నీళ్ళు పొయ్యండి, మెయిన్ ఆపేసి, ప్రెషర్ లేకుండా. రొయ్యల చెరువుల పక్కన, మురిక్కాలవల పక్కన ఉన్న ఇళ్ళలో ఆ కుళ్ళు వాసనలోని గంధకం లోపలి రాగి కాయిల్‌ని నల్లబరిచి సూదిబెజ్జాలు వేస్తుంది. అలాంటి కాయిల్‌కి అతుకులు వేస్తే ఇంకోచోట కారుతుంది, మార్చడమే మార్గం. అమలాపురం, రాజోలు వైపు గురువారాలే వస్తాం.

బుక్ చేసేటప్పుడు ఔట్‌డోర్ యూనిట్ ఫొటో, పక్కనున్న ప్లేటు ఫొటో వాట్సాప్‌లో పెట్టండి. సన్‌షేడ్ మీద ఉంటే ఎన్నో అంతస్తో చెప్పండి, తాడూ నిచ్చెనా తెచ్చుకోవాలి. మోటారు నీళ్ళు వచ్చే టైము కూడా చెప్పండి, ఒక ఏసీకి నాలుగైదు బకెట్లు పడతాయి.