మతం గడి ఖాళీగా వదిలే హక్కు: బహిరంగ లేఖ

మత, విశ్వాస స్వేచ్ఛపై ఐక్యరాజ్యసమితి ప్రత్యేక ప్రతినిధి గారికి నమస్కారాలతో,

పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలోని 18వ అధికరణం నాస్తికులకూ, ఏ మతమూ అవలంబించని వారికీ రక్షణ ఇస్తుందనీ, నమ్మకాన్ని బయటపెట్టమని ఎవరినీ నిర్బంధించరాదనీ ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ 1993లోనే, ఆ అధికరణానికి వివరణగా ఇచ్చిన తన 22వ సాధారణ వ్యాఖ్యలో స్పష్టం చేసింది.

మా అమ్మ చివరి రోజుల్లో చూపు ఆనక, తన ప్రార్థన పుస్తకాన్ని నా చేతికిచ్చి చదవమనేది. నమ్మకం పోయి ఏళ్లయిన నేను, అంచులు నలిగిన ఆ పేజీలను రోజూ సాయంత్రం పైకి చదివేవాణ్ణి. ఆవిడ పెదవులు నా గొంతు కంటే ఒక్క మాట ముందే కదిలేవి. నేను నమ్మనని ఆవిడకు తెలుసు, అయినా ఆ ప్రస్తావన ఏనాడూ తేలేదు. ఆవిడను చేర్చిన ఆసుపత్రిలో మాత్రం, ‘మతం’ అన్న గడి ఖాళీగా ఉందని నా దరఖాస్తును రెండుసార్లు వెనక్కిచ్చారు. చివరికి నాది కాని మాట ఒకటి రాసి సంతకం పెట్టాను, అది నన్ను ఇప్పటికీ బాధిస్తోంది.

సందేహంలో ఉన్నవారి అవస్థ ఇంకా కష్టం. వారికి రాయడానికి ఏ మాటా సరిపోదు. వైద్యం, చదువు, ఉద్యోగాల దరఖాస్తుల్లో ఆ గడిని ఐచ్ఛికం చేయవలసిందిగా సభ్యదేశాలను కోరమని మిమ్మల్ని అర్థిస్తున్నాను.

భవదీయుడు,
ఒక కుమారుడు