బెట్ట గురించి అడిగిన పోస్టు ఎందుకు పోయిందంటే

బెంగళూరు, మారతహళ్లి
ఆదివారం పొద్దున

ఒరేయ్ మామా,

మన రైతుల ఫోరమ్‌లో పోస్టులు కాపలా కాసే బాట్ (నేను రాసిన ప్రోగ్రామ్) ఏమేం చెయ్యాలో నువ్వు పంపిన కోరికల చిట్టా రెండుసార్లు చదివాను. మొత్తం పదకొండు. వాట్సాప్‌లో జవాబిస్తే ముక్కలు ముక్కలైపోతుందని టిఫిన్ చేసి వచ్చి తీరిగ్గా కూర్చున్నా. ఇక్కడ నాలుగు రోజులుగా ఒకటే వాన, మీ అనంతపురంలో చూస్తే చినుకు లేదంటున్నావు.

ముందు ఆ రైతు పోస్టు సంగతి చెప్తాను, అది చెప్పకుండా మిగతావి మాట్లాడలేను. నువ్వు ఫోన్ చేసిన రోజు సిల్క్ బోర్డ్ దగ్గర బస్సు నలభై నిమిషాలు కదల్లేదు, అక్కడే ఫోన్‌లో బాట్ ఏం చేసిందో రాసి ఉండే లాగ్ తెరిచి చూశా. "బెట్ట పదిహేను రోజులైంది, ఊడలు దిగే టైము, కదిరి లేపాక్షి తట్టుకుంటుందా లేక ఒక తడి ఇచ్చేదా" అని అడిగాడు, కదిరి లేపాక్షి రకం వేరుశనగ వేసి వాన లేక చూస్తున్న ఆయన. రాత్రి 9:40కి పెట్టాడు, అదే నిమిషంలో మన బాట్ తీసేసింది.

ఎందుకు తీసిందంటే, బెట్టింగ్ యాడ్లతో ఫోరమ్ నిండిపోతోంది, 'బెట్' అని కనిపిస్తే లేపెయ్యి అన్నావు కదా, అందుకు. విడిగా ఉన్న 'బెట్'నే పట్టుకోవాలని పదానికి రెండు వైపులా హద్దు చూసుకోమని రాశాను కూడా. కానీ బాట్ రాసిన పైథాన్ భాషతో పాటు వచ్చే, మాటలు వెతికిపెట్టే రెజెక్స్ లైబ్రరీకి మన గుణింతపు గుర్తులు, పొల్లు పదంలో భాగంగా కనపడవు. బ, ట అక్షరాలే, ఎత్వమూ పొల్లూ మాత్రం దాని లెక్కలో చుక్కా కామాల్లాంటివి. 'బెట్ట' అన్న మాట లోపల బ, ఎత్వం, ట, పొల్లు, ట అని ఐదు ముక్కలుగా ఉంటుంది. మన కంటికి ట కింద ట వత్తు కనిపిస్తుంది, దానికేమో పొల్లు దగ్గర ఒక మాట అయిపోయి తర్వాతి ట దగ్గర ఇంకో మాట మొదలైనట్టు. అలా 'బెట్ట'లో 'బెట్' దొరికింది. ఇంకా ఘోరం ఏంటంటే, యాడ్‌లో నిజంగా విడిగా ఉన్న 'బెట్' పొల్లుతో ముగిసి పక్కన ఖాళీ ఉంటుంది కాబట్టి అక్కడ హద్దే లేదనుకుంది. యాడ్ వాడు తప్పించుకున్నాడు, రైతు దొరికిపోయాడు. నేను తెలుగులో నాలుగు మాటలు పెట్టి పరీక్షించి ఉంటే ఆ రోజే బయటపడేది. చాలా బాధేసింది రా.

జబ్బు పాతదే. 1996లో అమెరికా ఆన్‌లైన్ (ఏఓఎల్) అనే ఇంటర్నెట్ కంపెనీ ఫిల్టర్ ఇంగ్లండ్‌లోని స్కన్‌థోర్ప్ ఊరి వాళ్లని ఖాతాలు తెరవనివ్వలేదు, ఊరి పేరు మధ్యలో ఒక బూతు మాట వస్తోందని. ఇప్పుడు ముందూ వెనకా ఏ తెలుగు అక్షరమూ, గుర్తూ ఉండకూడదని నేనే సొంతంగా రాశాను. దాంతో 'బెట్ట' బతికింది గానీ 'బెట్లు', 'బెట్కి' జారిపోతాయి. విభక్తులన్నీ పట్టుకుందామంటే మళ్లీ బెట్ట, బెట్టు దగ్గరికే వచ్చి పడతాం. జారిపోనీ అనే నిర్ణయించుకున్నా.

అందుకే నీ మొదటి కోరిక, 'అనుమానం వస్తే వెంటనే డిలీట్', చెయ్యను మామా. బాట్ పోస్టుని పక్కన పెడుతుంది, ఫోరమ్ చూసుకునే మీ ముగ్గురిలో ఒకరు చూసి వదలడమో తీసెయ్యడమో చెయ్యాలి. మీకు పని పెరుగుతుందని తెలుసు, నీ టెన్షన్ కూడా తెలుసు, రాత్రి పదకొండుకి పొలం మోటారు చూసుకుని వచ్చి పక్కన పెట్టిన పోస్టుల ఈ క్యూ చూడటం తేలిక కాదు. కానీ ఒక యాడ్ గంటసేపు కనిపిస్తే పోయేది చిరాకు, ఒక ప్రశ్న పోతే పంట పోవచ్చు. 2002లో పాల్ గ్రాహమ్ అనే ప్రోగ్రామర్ స్పామ్ ఫిల్టర్ గురించి రాసినప్పుడు మంచి మెయిళ్లలో కనిపించిన మాటల లెక్కని కావాలనే రెట్టింపు చేశాడు, మంచి మెయిల్ పొరపాటున పోకూడదని. నేనూ అటే మొగ్గుతున్నా.

డిస్కోర్స్ అనే ఫోరమ్ సాఫ్ట్‌వేర్‌లో సభ్యులకి 0 నుంచి 4 దాకా నమ్మకం స్థాయిలు ఉంటాయి, అలాగే కొత్తవాళ్ల పోస్టులన్నీ ఆపమన్నావు. సగమే ఒప్పుకుంటా. కొత్త సభ్యుడు లింకు పెడితే ఆపుతా, ఉత్త ప్రశ్న అయితే ఆపను. మన దగ్గర జనం చేరేదే కష్టం వచ్చినప్పుడు, ఆ మొదటి ప్రశ్ననే గుమ్మం దగ్గర నిలబెడితే మళ్లీ రారు.

రోజూ పొద్దున ఆరింటికి బాట్ మార్కెట్ ధరలు పోస్టు చెయ్యాలన్నావు కదా, ఆ పని అయిపోయింది, రేపటి నుంచి వస్తుంది. తీసేసింది వెనక్కి తెచ్చే బటన్ కూడా పెట్టాను, నువ్వు అడగకపోయినా.

'తిక్క ఆకుమచ్చకి ఏ మందు' లాంటి తెగుళ్ల ప్రశ్నలు పదేపదే వస్తున్నాయి, బాట్ చేతే జవాబు చెప్పించమన్నావు. మందు పేరు, మోతాదు బాట్ నోట రాకూడదు. పాత చర్చలు మూడు వెతికి కింద చూపిస్తుంది, ఎవరు చెప్పారో తేదీతో సహా. చదివి తేల్చుకునేది రైతే.

గొడవ చేసేవాళ్ల పోస్టులు వాళ్లకి తప్ప ఎవరికీ కనపడకుండా దాచమన్నది మాత్రం వద్దు. తీసేస్తే తీసేశామని మొహం మీద చెబుదాం.

ఇక 'ప్రతిదానికీ ఒక ఆన్ ఆఫ్ పెట్టు' అన్నావే, పదకొండు స్విచ్‌లు పెడితే 2048 రకాల కలయికలు వస్తాయి. అవన్నీ పరీక్షించడం ఆఫీసు అయ్యాక కూర్చునే నా ఒక్కడి వల్ల కాదు. మూడు ఇస్తాను, ఏ మూడో నువ్వే చెప్పు.

ఆ పోస్టు తిరిగి పెట్టేశాను, కానీ ఐదు రోజులు గడిచిపోయాయి, ఆయన మళ్లీ లాగిన్ కాలేదు. చేరేటప్పుడు ఇచ్చిన నంబర్ నీ దగ్గరే ఉంటుంది కదా, ఈ ఉత్తరం చదవగానే ఫోన్ చెయ్యి. తడి ఇచ్చాడో లేదో కనుక్కో. ఇవ్వకపోతే మీ నాన్నగారి చేత ఒకసారి మాట్లాడించు.

నీ
మామ