స్టేట్ బ్యాంకు ఎవరిది?

సంపాదకులకు నమస్కారం.

స్టేట్ బ్యాంకును 1969లో జాతీయం చేశారని పోటీ పరీక్షల పుస్తకాల్లో సైతం కనిపిస్తోంది. ఇది తప్పు. ఆ జూలైలో జాతీయమైన 14 బ్యాంకుల్లో స్టేట్ బ్యాంకు లేదు. అంతకు 14 ఏళ్ల ముందే, 1955 జూలై 1న, ప్రత్యేక చట్టం ద్వారా ఇంపీరియల్ బ్యాంకే స్టేట్ బ్యాంకు అయింది. బెంగాల్, బొంబాయి, మద్రాసు ప్రెసిడెన్సీ బ్యాంకులు 1921లో కలిసి ఇంపీరియల్ బ్యాంకుగా ఏర్పడ్డాయి. మూలం 1806 నాటి కలకత్తా బ్యాంకు.

యజమాని రిజర్వు బ్యాంకు అనడం ఇంకో పొరపాటు. 2007 వరకు అది నిజమే. బ్యాంకులను తనిఖీ చేసే రిజర్వు బ్యాంకే యజమానిగా ఉంటే తప్పు పట్టేదెవరు? అందుకే ఆ 59.73 శాతం వాటాను కేంద్రం సుమారు 35,531 కోట్ల రూపాయలకు కొనుక్కుంది. చాలా ఆలస్యంగా జరిగిన మంచి పని. కేంద్రం వాటా 51 శాతానికి తగ్గరాదని చట్టం. మిగతావారు ఎన్ని షేర్లు కొన్నా ఒక్కొక్కరి ఓటు హక్కు 10 శాతం దాటదు. ఈ రెండో నిబంధన గురించి ఎవరూ రాయరు గానీ, అసలు రక్షణ అక్కడే ఉంది.

ఇళ్లలో పాత షేరు పత్రాలున్నవారికి ఒక మాట. 2014 నవంబరులో 10 రూపాయల ముఖవిలువ గల ఒక్కో షేరును రూపాయివి పదిగా విభజించారు. 2017 ఏప్రిల్ 1న అనుబంధ బ్యాంకులు స్టేట్ బ్యాంకులో విలీనమైనప్పుడు మైసూరు, ట్రావన్కూరు బ్యాంకుల 10 షేర్లకు 22, బికనీర్ జైపూర్ బ్యాంకు 10 షేర్లకు 28 స్టేట్ బ్యాంకు షేర్లు ఇచ్చారు. 1941లో నిజాం రాజ్యంలో పుట్టిన హైదరాబాద్ బ్యాంకుకు మాత్రం మార్పిడి లేదు, దాని షేర్లన్నీ అప్పటికే స్టేట్ బ్యాంకువే.

— ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి